శబ్దశాలలో నిశ్శబ్ద చిత్రాలు

సంగీతం కంటికి కనబడదు. ఛాయాచిత్రం చెవికి వినబడదు. ఒకటి కాలంతో పాటు ప్రవహించి మాయమవుతుంది. రెండవది కాలాన్ని ఒకచోట ఆపి కాగితంపై నిలుపుతుంది. స్వభావంలోనే ఎదురెదురుగా నిలిచిన ఈ రెండు కళలను ఒకే కప్పు క్రిందకు తేవడం సాధ్యమా? సాధ్యమైతే అది చిత్రశాల కావాలా, సభాభవనం కావాలా, లేక ధ్వనిని పట్టి భద్రపరచే రికార్డింగ్ స్టూడియో కావాలా? 2018 డిసెంబరులో హైదరాబాదు నగరంలోని ఒక రికార్డింగ్ స్టూడియోలో నా ఛాయాచిత్రాలను పదిరోజులపాటు ప్రదర్శించే అవకాశం లభించింది. ఆ పదిరోజులలో చూచినవి, విన్నవి మన విద్యార్థులతో పంచుకొనవలసిందిగా సంచిక సంపాదకవర్గం వారు కోరారు. పూర్వవిద్యార్థిని మరువని వారి ఆదరానికి కృతజ్ఞుణ్ణి.

ముందుగా ఆ చిత్రాల పుట్టుకను గూర్చి కొంత చెప్పాలి. నేను ఈ కళాశాలలో చదివిన 1979-82 సంవత్సరాలలో ఒక పాత జెనిట్ కెమెరా నా చేతికి వచ్చింది. సోవియట్ దేశంలో తయారైన ఆ కెమెరా బరువులో ఇనుపకుంపటిని తలపించేది. దానికి 58 మిల్లీమీటర్ల హీలియోస్ కటకం ఉండేది. సెకనులో ముప్పయ్యవ వంతు మొదలు అయిదువందలవ వంతు వరకు అయిదు వేగాలు మాత్రమే అందులో ఉన్నాయి. అంతకంటే ఎక్కువసేపు వెలుతురు కావలసివస్తే మీటను వేలితో నొక్కిపట్టి, మనసులో లెక్క పెట్టుకొని వదలవలసినదే. రవీంద్రభారతిలో కచేరీలు, నాంపల్లి దర్గా ప్రాంగణంలో కవ్వాలీలు, పాతబస్తీ మిద్దెలపై మెహఫిళ్లు, శ్రీరామనవమి పందిళ్లలో హరికథలు, ఇట్లా ఎక్కడ పాట వినవస్తే అక్కడికి ఆ కెమెరాతో వెళ్ళేవాడిని.

పందిరిలో రెండు బల్బులు, మిద్దెపై ఒక ట్యూబులైటు: నాకు దొరికే వెలుతురు ఇంతే. ఫ్లాష్ వాడితే పాడేవారి ఏకాగ్రత చెదురుతుంది. ఆ చోటికి సహజమైన వెలుగునీడలు నశిస్తాయి. అందుచేత 400 వేగంగల ఫిల్మును 1600 వేగంగలదానిగా భావించి, అనగా ఇవ్వవలసిన వెలుతురులో నాలుగవ వంతు మాత్రమే ఇచ్చి తీసేవాడిని. ఆ లోటును డెవలపర్ ద్రావణంలో ఎక్కువసేపు ఉంచి పూరించేవాడిని. నీడలు నల్లగా మూసుకుపోయేవి. ముఖాలపై సన్నని రవ్వ చల్లినట్లు గరుకుదనం వచ్చేది. చూచినవారిలో కొందరు దీనిని లోపమన్నారు. నాకు మాత్రం అది పాత గ్రామఫోను రికార్డులోని గరగర వంటిదని తోచేది. ఆ గరగర వెనుకనుంచి వచ్చే గొంతును మనం ప్రేమించడం లేదా?

జెనిట్‌తో మరొక ఇబ్బంది కూడా ఉంది. దాని షట్టరు చప్పుడు తలుపు గడియ పడినట్లు వినిపిస్తుంది. నెమ్మదిగా సాగే ఆలాపన నడుమ ఆ చప్పుడు చేయడం అపచారం. మేమందరం ఉస్తాద్ అని పిలిచే ఒక వృద్ధ తబలా విద్వాంసులు నాకు ఉపాయం చెప్పారు. “బేటా, సమ్ మీద నొక్కు. అప్పుడు అందరూ వాహ్ వాహ్ అంటారు. నీ డబ్బా చప్పుడు అందులో కలిసిపోతుంది” అన్నారు. తాళావర్తంలో మొదటి మాత్రకు హిందుస్తానీ సంగీతంలో సమ్ అని పేరు. గాయకుడు ఎన్ని మలుపులు తిరిగినా అక్కడికి వచ్చి చేరవలసిందే. ఆ ఉపాయం పాటించినందువలన నా చిత్రాలకు నేను కోరని ఒక గుణం అబ్బింది. వాటిలోని ముఖాలు చాలా దూరం నడిచి ఇల్లు చేరిన బాటసారుల ముఖాలవలె ఉంటాయి. సమ్ మీద నొక్కాలంటే అది ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియాలి. తెలియాలంటే తాళం లెక్క పెట్టాలి. ఈ విధంగా కెమెరాయే నాకు సంగీతం వినడం నేర్పింది.

ఈ చిక్కు నా ఒక్కడిదే కాదు. అమెరికాలో జాజ్ సంగీతాన్ని ప్రచురించిన బ్లూ నోట్ సంస్థ నిర్వాహకులలో ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఒకరు. బెర్లిన్‌లో పుట్టి, నాజీల పాలన నుంచి తప్పించుకొని 1939లో న్యూయార్కు చేరిన వుల్ఫ్, తమ సంస్థ రికార్డింగులు జరిగే చోటనే కళాకారుల చిత్రాలు విరివిగా తీశారు. ఆ రికార్డింగులలో అనేకం న్యూజెర్సీ రాష్ట్రంలోని హాకెన్‌సాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ అనే ఇంజనీరు తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో జరిగాయి. 1959లో వాన్ గెల్డర్ వేరొకచోట స్వంత స్టూడియో కట్టుకొన్నారు. టేపు తిరుగుతున్నప్పుడు కెమెరా చప్పుడు కూడా పాటలో పడుతుంది గనుక, సాధన జరిగే సమయమే వుల్ఫ్ పనికి అనువైన సమయం. 1957లో రికార్డయిన జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రైన్’ అట్టపై ఉన్న చిత్రం వుల్ఫ్ తీసినదే. అందులో కోల్ట్రేన్ వాద్యం ఊదడం లేదు. చేయి నోటివద్ద ఉంచుకొని ఏదో ఆలోచిస్తున్నారు. సంగీతాన్ని ఫోటో తీయడమంటే వినే మనిషిని ఫోటో తీయడమని ఆ చిత్రం చూచినప్పుడెల్లా నాకు అనిపిస్తుంది.

ఇక స్టూడియో సంగతి. దాని యజమాని నాకు చిరకాల మిత్రులు; వయసులో పెద్దవారు గనుక భాయ్‌సాబ్ అని పిలుస్తాను. వారి కోరికపై స్టూడియో పేరు ఇక్కడ వ్రాయడం లేదు. క్యాసెట్లు వెల్లువగా అమ్ముడుపోయిన 1980 దశకంలో వారు ఆ హాలు కట్టించారు. ఇరవైమంది వాద్యగాండ్రు, ఎనిమిదిమంది బృందగాయకులు ఒకేసారి కూర్చుండి పాడుటకు వీలైనది. భక్తిగీతాలు, నాతులు, కవ్వాలీలు, జానపదాలు, నాటకపద్యాలు అన్నీ అక్కడ టేపుకెక్కాయి. ఆనాడు ఒకరు తప్పితే అందరూ మొదటినుంచి పాడవలసిందే. పలు ట్రాకుల పద్ధతి, ఆ తరువాత కంప్యూటరు వచ్చిన పిమ్మట ఆ అవసరం పోయింది. తబలా ఒకనాడు, వేణువు మరొకనాడు రికార్డు చేస్తే, గొంతు వేరొక ఊరినుంచి వచ్చి యంత్రంలో వాటిని కలుసుకొంటుంది. పెద్ద హాలును అద్దెకు తీసికొనేవారు తగ్గిపోయారు. 2019 జనవరిలో దానిని అడ్డగోడలతో మూడు చిన్నగదులుగా విభజించాలని భాయ్‌సాబ్ నిశ్చయించారు. “పని మొదలుపెట్టే ముందు పదిరోజులు ఖాళీగా ఉంటుంది మియా. నీ ఫోటోలు పెట్టుకో. ఈ గోడలు ఇంతకాలం విన్నాయి, ఒకసారి చూడనీ” అన్నారు.

స్టూడియో గోడ మామూలు గోడ వంటిది కాదు. అసలు గోడకు ముందు కర్రచట్రం, అందులో గాజుపీచు పరుపులు, వాటిపై రంధ్రాల పలకలు, ఆపైన గుడ్డ. ధ్వని గోడకు తగిలి తిరిగిరాకుండా అందులోనే ఇంకిపోవడానికి ఈ ఏర్పాటు. ఈ శాస్త్రానికి పునాది వేసిన వాలేస్ సాబిన్ కథ విద్యార్థులు తెలిసికొనదగినది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ కళాప్రదర్శనశాలకు చెందిన ఉపన్యాస మందిరంలో మాటలు ఒకదానిపై ఒకటి పడి అర్థం కాకపోయేవి. ఆ దోషాన్ని సరిచేసే పనిని యువ అధ్యాపకుడైన సాబిన్‌కు అప్పగించారు. ఆ గదిలో పుట్టిన ధ్వని అణగిపోవడానికి అయిదు సెకన్లకు పైగా పట్టేది. సాబిన్ సమీపంలోని నాటకశాల నుంచి ఆసనాల మెత్తలు రాత్రివేళ తెప్పించారు. వాటి సంఖ్య పెంచుతూ, ఆర్గాన్ పైపు ధ్వని ఎంతసేపటికి వినబడకుండా పోతుందో కొలిచారు. గది పరిమాణానికి, అందులోని వస్తువులు ధ్వనిని పీల్చుకొనే శక్తికి, ప్రతిధ్వని నిలిచే కాలానికి గల సంబంధాన్ని అట్లా సూత్రీకరించారు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు నిర్మాణానికి సలహాదారు కూడా సాబిన్ గారే. అంటే గానసభల శబ్దశాస్త్రం ఒక చిత్రకళాభవనంలో పుట్టిందన్నమాట.

మా సమస్య దీనికి తిరుగబడినది. చిత్రకళను శబ్దశాలలోకి తేవాలి. అక్కడి ఇంజనీరు, నేను తమ్ముడూ అని పిలిచే యువకుడు, మొదటిరోజే మూడు నిబంధనలు చెప్పాడు. మొదటిది, గోడకు మేకు కొట్టరాదు. కొడితే లోపలి పరుపు చిరుగుతుంది. ఆ పరుపులు విప్పి చిన్నగదులలో మళ్ళీ వాడుకొనవలసినవి. రెండవది, చిత్రాలకు గాజుపలక ఉండరాదు. గాజు వెలుతురునే కాదు, ధ్వనిని కూడా త్రిప్పికొడుతుంది. హాలు మూతబడేలోగా ఒకటి రెండు బృందాలు చివరిసారిగా అక్కడ పాడదలిచాయి. మూడవది, ఎర్రదీపం వెలిగినప్పుడు ఎవరూ తలుపు తీయరాదు.

అందుచేత చిత్రాలను చట్రం, గాజు లేకుండా మందమైన అట్టలకు అంటించి, పైకప్పు వెంట కట్టిన కర్రలనుంచి నూలుదారాలతో వ్రేలాడదీశాము. అంతటితో పని ముగియలేదు. తమ్ముడు స్పీకర్ల ద్వారా అతి మంద్రమైన నాదంతో మొదలుపెట్టి, క్రమంగా పైస్థాయికి పోయే ఒకే స్వరాన్ని వినిపించాడు. ఒక్కొక్క స్థాయిలో ఒక్కొక్క అట్ట జలదరించి బుర్రుమన్నది. మొత్తం నలభైయారు చిత్రాలలో ఏడు అట్లా పలికాయి. “అన్నా, మీ ఫోటోలకు కూడా శ్రుతి ఉంది” అని తమ్ముడు నవ్వాడు. వాటి వెనుక ఉన్నిగుడ్డ ముక్కలు అతికించి నోరు మూయించాము.

చిత్రాలతో పాటు సంగీతం వినిపించాలా వద్దా అన్న చర్చ కూడా వచ్చింది. పాత రికార్డింగులు మెల్లగా వినిపిస్తే బాగుంటుందని కొందరు మిత్రులు సూచించారు. భాయ్‌సాబ్ అంగీకరించలేదు. ఏదో ఒక పాట మ్రోగుతుంటే ప్రతి చిత్రమూ ఆ పాటకు బొమ్మగా మారిపోతుందన్నారు. చివరకు హాలులో నిశ్శబ్దం, పక్కనున్న కంట్రోలు గదిలో కోరినవారికి పాత టేపులు అని ఏర్పాటు చేసికొన్నాము. ఆ నిశ్శబ్దం సామాన్యమైనది కాదు. వీధి చప్పుడు లేదు, ప్రతిధ్వని లేదు. లోనికి వచ్చినవారు ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించేవారు. ధోలక్‌పై పడబోతున్న అరచేతి ముందు నిలబడి, ఆ దెబ్బ వినబడుతుందేమోనని తల ప్రక్కకు వంచిన వృద్ధులను నేను చూచాను.

చిత్రం క్రింద వ్రాసిన పరిచయం తెలుగులో ఎడమనుంచి, ఉర్దూలో కుడినుంచి మొదలై, నడుమ ఉన్న క్రమసంఖ్య వద్ద కలిసేది. మన కళాశాల సంచిక రెండు వైపులనుంచి తెరుచుకొన్నట్లే ఇదీ. ఇండ్లలో జరిగిన మెహఫిళ్లలో స్త్రీలు పాడిన చిత్రాలలో, వారి నుంచో వారి కుటుంబం నుంచో అనుమతి లభించినవి మాత్రమే పెట్టాను. ఈ మర్యాద మన నగరానికి కొత్తది కాదు. ఆరవ నిజాం దర్బారు ఛాయాచిత్రకారుడు, ముసవ్విర్ జంగ్ బిరుదాంకితుడు రాజా దీన్‌దయాళ్ 1892లోనే పరదా పాటించే స్త్రీల కొరకు హైదరాబాదులో ప్రత్యేకమైన జనానా స్టూడియోను నెలకొల్పి, దానిని ఒక మహిళ పర్యవేక్షణలో నడిపించారు.

నలభైయారు చిత్రాలలో ముప్పయి కచేరీ చిత్రాలు; పదహారు ప్రయోగాలు. ప్రయోగాలు మూడు తరగతులు. మొదటి తరగతివి మీట నొక్కిపట్టి ఒక సెకనుసేపు తీసినవి. అందులో కదలని ముఖం నిలుస్తుంది. చప్పట్లు కొట్టే చేతులు తెల్లని మబ్బుగా కరిగిపోతాయి. కదలికను ఫోటోలో పట్టే ప్రయత్నానికి దీర్ఘమైన చరిత్ర ఉంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారే 1882లో తుపాకివంటి కెమెరాతో ఎగిరే పక్షిని వరుస చిత్రాలుగా తీశాడు. ఆ తరువాత కాలంలో జాన్ మిలీ అనే ఛాయాచిత్రకారుడు హైఫెట్జ్ వయొలిన్ కమానుకు చిన్నదీపం కట్టి, చీకటిలో అది గీసిన వెలుగుగీతను చిత్రించాడు. నేనూ ఒక మిత్రుని కమానుకు టార్చిలైటు బల్బు కట్టి చూచాను. నిడివైన స్వరానికి నిడివైన గీత, వేగంగా వాయించే చోట చిక్కుపడిన దారపు ఉండ కాగితంపై వచ్చాయి.

రెండవ తరగతివి ఇసుక చిత్రాలు. జర్మనీకి చెందిన క్లాడ్ని 1787లో, లోహపు పలకపై ఇసుక చల్లి దాని అంచును కమానుతో మీటితే, కంపించని చోట్ల ఇసుక పోగై వింత ఆకృతులు ఏర్పడతాయని ప్రకటించాడు. మన సి.వి. రామన్ గారికి మృదంగ తబలాలపై ఎంతో ఆసక్తి. మామూలు ఢంకాలో మూలస్వరానికి, పైస్వరాలకు పొత్తు కుదరదు. తబలా నడుమ ఉండే నల్లని కరణి, ఆ చర్మపు బరువును మార్చి పైస్వరాలను మూలస్వరానికి రెండింతలు, మూడింతలు ఇట్లా క్రమమైన నిష్పత్తిలోకి తెస్తుంది. ఈ విషయాన్ని 1920లో ‘నేచర్’ పత్రికలో రామన్ గారు ప్రకటించారు. దానిని చదివిన ఉత్సాహంతో 1983లో నేను ఉస్తాద్ గారిని వేడుకొంటే, వారు ఒక పాత దాయాను ఇచ్చారు. దానిపై సన్నని ఇసుక చల్లి, ఒకచోట వేలు ఆనించి మరొకచోట మీటితే గీతలు ఏర్పడ్డాయి. పైనుంచి ఫోటో తీశాను. నలభై ఏండ్లు తబలా వాయించిన ఆ మహానుభావులు ఆ గీతలను చూచి, “నా వేలికి ఇది తెలుసు. నా కంటికి ఇప్పుడే తెలిసింది” అన్నారు.

మూడవ తరగతివి కెమెరా లేకుండా తీసినవి. చీకటిగదిలో ఫోటో కాగితంపై క్యాసెట్ టేపు చుట్టలు, తెగిన సితారు తీగలు, మిజ్రాబు పరచి ఒక్క క్షణం దీపం వెలిగిస్తే, నల్లని కాగితంపై వాటి తెల్లని ఆకారాలు పడతాయి. 1920 దశకంలో మాన్ రే, మొహోలీ-నాడ్జ్ వంటివారు ఈ పద్ధతిని కళగా పెంచారు. పాట ఉన్న టేపు కూడా కాగితంపై వట్టి గీతే. ఏ పాట అన్నది ఆ గీత చెప్పదు.

ప్రదర్శన మూడవరోజున ఒక సంఘటన జరిగింది. ఒక వృద్ధుడు తన జేబులోని పెన్సిలు తీసి, ఒక చిత్రం క్రింద వ్రాయవచ్చునా అని అడిగారు. అది 1980లో జరిగిన కచేరీ. ఆనాటి ఆహ్వానపత్రికలో ఉన్నది ప్రధాన గాయకుని పేరొక్కటే గనుక, పరిచయంలో కూడా ఆ ఒక్క పేరే ఉంది. హార్మోనియం వాయించినవారు, వెనుక తంబూరా మీటినవారు, తాళం వేసినవారు పేరు లేకుండానే కూర్చున్నారు. ఆ వృద్ధుడు తంబూరా పట్టిన మనిషి పేరు వ్రాశారు. మరునాటినుంచి ప్రతి చిత్రం ప్రక్కన ఒక తెల్లకాగితం, దారంతో కట్టిన పెన్సిలు ఉంచాము.

1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ ప్రతినిధి గైస్‌బర్గ్ ముందు గౌహర్ జాన్ పాడిన రికార్డులను గూర్చి చాలామంది విని ఉంటారు. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటించుకొనేది. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడివారికి ఏది ఎవరి పాటో తెలియడానికి ఆ ఏర్పాటు. అట్లా గాయని పేరు శాశ్వతమైంది. ఆమె వెనుక కూర్చుండి వాయించినవారికి పేరు చెప్పుకొనే అవకాశం రాలేదు. ఆనాటినుంచి క్యాసెట్టు కాలం వరకు ఈ రివాజు పెద్దగా మారలేదు. మా ముప్పయి కచేరీ చిత్రాలలో డెబ్బయి ఒక్క మంది పక్కవాద్యగాండ్రు, వంతపాటగాండ్రు ఉన్నారు. పదిరోజులలో నలభైనలుగురికి పేర్లు దొరికాయి.

చిక్కు మాత్రం ప్రయోగచిత్రం వద్ద వచ్చింది. 34వ సంఖ్య చిత్రం 1981 నాటి ఒక కవ్వాలీ. ఒక సెకనుసేపు తీసినది. ధోలక్ వాయిస్తున్న మనిషి తల ఊపుతూ ఉన్నందున ముఖం పొగవలె, చేతులు వెలుగు ముద్దలవలె వచ్చాయి. చూచినవారు మెచ్చుకొన్నది ఎక్కువగా ఈ చిత్రాన్నే. ఆరవరోజు ఒక నడివయసు స్త్రీ దాని ముందు చాలాసేపు నిలబడి, ఇది మా అబ్బా అన్నది. అదే సాయంత్రం మరొక పెద్దమనిషి వచ్చి, ఆ కాగితంపై పేరు కొట్టివేసి, ఇతడు మా మేనమామ అని వేరొక పేరు వ్రాశారు. ఇద్దరూ నిజాయితీపరులే. ఇద్దరి ఇండ్లలోనూ ఆ మనిషి ధోలక్ వాయిస్తున్న ఫోటో ఒక్కటి లేదు. పొగలో ఎవరికి కావలసిన ముఖం వారికి కనబడింది.

ప్రయోగం చేయబోయే ముందు మామూలు చిత్రం ఒకటి తీసికొనడం నాకు మొదటినుంచి అలవాటు. నెగటివు పట్టీలో 34వ చిత్రానికి ముందున్నది సెకనులో ముప్పయ్యవ వంతులో తీసిన సాదా చిత్రం. దానిని ఆ రాత్రి చిన్నసైజులో ముద్రించి, ఇద్దరినీ పిలిపించి చూపాను. అతడు ఆ స్త్రీ తండ్రే. పెద్దమనిషి చిత్రం చేతిలోకి తీసికొని, కండ్లజోడు సవరించుకొని, “నిజమే, మా మామూ కాదు” అన్నారు. తరువాత ఆ సంవత్సరపు నెగటివులన్నీ చూపమని కోరి, రెండు మధ్యాహ్నాలు భూతద్దంతో ఒక్కొక్కటి పరిశీలించారు. ఆయన మామూ వాటిలో ఎక్కడా లేరు. చాయ్ త్రాగకుండానే సెలవు తీసికొన్నారు.

ఆమెకు రెండు చిత్రాలూ ఇవ్వబోయాను. సాదా చిత్రం ఒక్కటే తీసికొన్నది. రెండవది ఎందుకు వద్దమ్మా అని అడిగితే, “ఇందులో అబ్బా చేతులు లేవు భాయ్. ఆ చేతులే మమ్మల్ని సాకాయి” అన్నది. దీనికి భిన్నంగా, ఉస్తాద్ గారి శిష్యులొకరు, ఇప్పుడు తామే వృద్ధులు, ఆ పొగచిత్రమే గొప్పదన్నారు. ధోలక్ కుడి ఎడమల వెలుగు తీరును బట్టి నడుస్తున్నది కహర్వా అని తమకు తెలుస్తున్నదన్నారు. ఇద్దరిలో ఒకరిది సత్యం, మరొకరిది అసత్యం అని నేననను. ఒకరు మనిషిని వెదికారు, ఒకరు తాళాన్ని వెదికారు. ఎవరికి కావలసినది వారికి దొరకడానికి రెండు చిత్రాలు కావలసివచ్చాయి.

ఆ రాత్రి తమ్ముడు కంట్రోలు గదిలో నన్ను కూర్చోబెట్టి ఒక గాయకుని గొంతు వినిపించాడు. ముందుగా ప్రతిధ్వని, మెరుగులు చేర్చిన గొంతు. పెద్ద గుమ్మటం క్రింద పాడినట్లుంది. ఒక మీట నొక్కగానే అదే గొంతు ఏ మెరుగూ లేకుండా, పక్కన కూర్చుండి పాడినట్లు వినబడింది. “అన్నా, మేము గొంతును ఎప్పుడూ సాదాగానే రికార్డు చేస్తాము. ప్రతిధ్వని వేరే ట్రాకులో చేరుస్తాము. పాడేటప్పుడే గొంతుతో కలిపివేస్తే తరువాత ఎవరూ విడదీయలేరు. మీ 34వ నంబరు కూడా అంతే” అన్నాడు. ప్రయోగకళను గూర్చి నేను చదివిన గ్రంథాలలో ఇంత సూటియైన మాట నాకు కనబడలేదు. ప్రయోగం చేయవలసిందే, చేయకపోతే కళ ఎండిపోతుంది. అయితే ప్రయోగం సాక్ష్యాన్ని మ్రింగివేయరాదు. సాదా ట్రాకు ఒకటి భద్రంగా ఉన్నప్పుడు ఎంత దూరమైనా పోవచ్చు. మరునాడు, సాదా జంట ఉన్న ప్రతి ప్రయోగచిత్రం ప్రక్కన దానిని కూడా చిన్నసైజులో వ్రేలాడదీశాము. ఈ నియమం ఈనాడు మరింత అవసరం. ఫోనులోని కెమెరా మనం అడగకుండానే చీకటిని వెలుగుచేసి, ముఖాలను నునుపుచేసి చూపుతున్నది; యంత్రం పుట్టని మనిషికి కూడా ముఖం కల్పిస్తున్నది. అసలు చిత్రం దాచుకొననివారు కొంతకాలానికి ఏది జరిగిందో, ఏది చేర్చినదో తామే చెప్పలేరు.

ప్రదర్శన చివరిరోజున ఒక కవ్వాలీ బృందం ఆ హాలులో పాడింది. ఎర్రదీపం వెలిగింది, చూడవచ్చినవారు బయట మెట్లపై కూర్చున్నారు. చిత్రాలు వ్రేలాడుతుండగానే రికార్డింగు జరిగింది. ఒక్క అట్ట కూడా బుర్రుమనలేదు. ముగిసిన పిమ్మట భాయ్‌సాబ్ మైకు ముందుకు ధోలక్ వాద్యగాడు మొదలు చివరి చప్పట్ల కుర్రవాని వరకు ఒక్కొక్కరినీ పిలిచి, వారి పేర్లు వారిచేతనే చెప్పించి, ఆ టేపు చివర చేర్చారు. 2019 జనవరిలో అడ్డగోడలు లేచాయి. ఆ మూడు గదులలో ఒక దానిలో నేను మరల కూర్చుండి చూచాను. శుభ్రంగా, పనికి అనువుగానే ఉన్నది. అద్దె వస్తేనే దీపం వెలుగుతుంది గనుక భాయ్‌సాబ్ నిర్ణయాన్ని తప్పుపట్టేవాడిని కాను. హాలు పోయింది, నలభైనాలుగు పేర్లు మిగిలాయి. ఇరవైయేడు ముఖాలకు ఇంకా పేర్లు దొరకలేదు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీలో ప్రతి ఒక్కరి జేబులో ఈనాడు నా జెనిట్ కంటే వేయిరెట్లు సమర్థమైన కెమెరా ఉన్నది. దానితో ప్రయోగాలు చేయండి, వెలుగుతో ఆడుకొనండి. ముందుగా ఒక సాదా చిత్రం తీసి, అందులో ఉన్నవారి పేర్లు ఆనాడే వ్రాసి పెట్టుకొనండి. కళాశాల కమిటీ పెద్దలకు కూడా నాదొక విన్నపం. ఈ సంచికలో ఏటేటా వార్షికోత్సవపు చిత్రాలు అచ్చవుతున్నాయి. ముఖ్య అతిథి పేరు, అధ్యక్షుల పేరు క్రింద ఉంటాయి. ఇకమీదట వేదిక మూలన తబలా వాయించిన విద్యార్థి పేరు, మైకు సరిచేసిన పనివాని పేరు కూడా అచ్చువేయించగోరుతున్నాను. దొరికిన నలభైనాలుగు పేర్ల జాబితాను, పేర్లు దొరకని ఇరవైయేడు ముఖాల చిత్రాలను మన గ్రంథాలయానికి సమర్పిస్తున్నాను. మీ ఇండ్లలోని పెద్దలకు వాటిని చూపండి. ఎవరైనా గుర్తుపడితే, ప్రక్కన ఉంచిన తెల్లకాగితంపై పెన్సిలుతో వ్రాయండి.